బీరువాలో లారీ

నేను ఎక్కువ మాట్లాడను. మాట్లాడనివాడికి చాలా విషయాలు తెలిసి ఉంటాయని మా ఊళ్ళో ఒక అపోహ ఉంది. దాని పుణ్యాన నాకు చాలాకాలం బాగానే గడిచింది. జిల్లా రవాణా కార్యాలయం వారు కూడా అదే అపోహలో పడ్డారు గనక ఇదంతా రాయాల్సి వస్తోంది.

మాది పల్నాడులో ఉప్పలమెట్ట. నా చదువు ఊరి బడిలోనే మొదలై ఊరి బడిలోనే అయిపోయింది. మిరప వేస్తాను. ఆమధ్య లారీ మీద మిరప టిక్కీలు, అదే బస్తాలు, సర్దుతూ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాను. కట్టుతో మంచంలో ఉన్నప్పుడు, కాలక్షేపానికి ఉంటుందని గుంటూరు తోడల్లుడు ఒక డబ్బా తెచ్చిచ్చాడు. లోపల ప్లాస్టిక్ ముక్కలు. తుంచుకుని, గమ్ము పెట్టి అతికించుకుంటే అరచేతిలో పట్టే లారీ అవుతుంది. కిట్టు అంటారు. పిల్లలు ఆడుకునేది కాదు, పెద్దవాళ్ళు చెడిపోయేది.

అతికించాను. లారీ అయితే అయింది గానీ అది ఏ దేశపు లారీయో. ముక్కు పొడుగు. స్టీరింగు ఎడంవైపు. నాకు తృప్తి కలగలా. మా బావమరిది నాసరయ్యకి ఒక లారీ ఉంది. మా ఊరి మిరపంతా దాంట్లోనే గుంటూరు మిర్చి యార్డుకి పోతుంది. బొమ్మంటే అచ్చం దాని మాదిరి ఉండాలనిపించింది. ఇంకో కిట్టు తెప్పించి దాని క్యాబిన్ తీసి దీనికి పెట్టాను. క్యాబిన్ కుదిరింది, చక్రాలు పెద్దవైపోయినాయి. చక్రాల కోసం మూడో కిట్టు. అద్దాల కోసం ఒక కారు కిట్టు. నిమ్మకి అంటు కట్టినట్టు ఒకదాని ముక్క ఇంకోదానికి కడుతూ పోయాను. కాలి కట్టు విప్పేసరికి మంచం కింద ముక్కు లేని లారీలు, అద్దాల్లేని కార్లు పడున్నాయి.

"హైవే మీద యాక్సిడెంటయిన చోటు ఊడ్చినట్టుంది నాకు," అంది మా ఆవిడ తిరపతమ్మ, చీపురుతో వాటిని బయటికి లాగుతూ.

అంతటితో ఆగితే బాగుండేది. నాసరయ్య లారీకి టైర్లు నున్నగా అరిగిపోయి ఉంటాయి. నా బొమ్మ టైర్లకేమో గళ్ళు కొత్త పెళ్ళికూతురి జడలాగా తీర్చిదిద్ది ఉన్నాయి. గరుకు కాయితం తీసుకుని ఒక్కో టైరూ అరగదీయడం మొదలుపెట్టాను.

తిరపతమ్మ కాసేపు చూసింది. "మా తమ్ముడు అరిగిన టైర్లతో బండి తోలలేక చస్తన్నాడు. నువ్వు మంచి టైర్లు పెట్టుకుని అరగదీస్తన్నావు. మీ ఇద్దర్నీ కలిపి ఒక మనిషిని చేసుంటే సరిపోయేది దేవుడు."

ఎడం మడ్‌గార్డుకి గేదె గుద్దిన సొట్ట ఒకటి పెట్టాల్సి ఉంది. అది చాలా నేర్పుగా చెయ్యాల్సిన పని.

రోడ్డు భద్రతా వారోత్సవాలని జిల్లా ఆఫీసులో ఏదో ప్రదర్శన పెట్టారు. నాసరయ్య లారీ వేసుకుని అటే పోతుంటే బొమ్మ పట్టుకుని నేనూ ఎక్కాను. అక్కడ బ్రేకు ఇన్‌స్పెక్టర్లందరికీ పైఅధికారి విశ్వోత్తమరావు గారు నా బొమ్మ ముందు ఆగారు. బొమ్మను చూశారు. కిటికీలోంచి నాసరయ్య లారీని చూశారు. మళ్ళీ బొమ్మను చూశారు. గేదె సొట్ట మీద వేలు పెట్టి తడిమారు.

"ఇది అనుకరణ కాదు," అన్నారు. "ప్రతిరూపం. ప్రతిరూపం కూడా కాదు. సారాంశం."

నా జన్మలో నన్నెవరూ అట్టా మెచ్చుకోలేదు. అక్కడే నా పతనం మొదలయింది.

ఆయన బాధ ఆయనకుంది. లారీలకి ఎఫ్‌సీ, అంటే రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందన్న కాయితం, ఇవ్వాలంటే ఎండలో నిలబడి, బండి కిందికి దూరి చూడాలి. ఆయనకి నడుం నొప్పి. పైగా లారీలు నిలిపే స్థలంలో కొత్తగా గులాబీ తోట వేయించారు. తోట తీసెయ్యడానికి మనసొప్పదు. అట్టాంటి సమయంలో ఆయన చేతిలో అరచేతిలో పట్టే లారీ పడింది. వారం తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. నోటీసు బోర్డు మీద అంటించారు.

"స్థూల వాహనములను ఆరుబయట తనిఖీ చేయుట వలన అధికారుల ఆరోగ్యమునకును, కార్యాలయ ఉద్యానమునకును హాని వాటిల్లుచున్నందున, ఇకమీదట ప్రతి యజమానియు తన వాహనము యొక్క యథాతథ నమూనాను సమర్పించవలెను. తనిఖీ నమూనాకు మాత్రమే జరుగును. నమూనా యోగ్యమైనచో వాహనము యోగ్యము. నమూనాకును వాహనమునకును భేదము వచ్చినచో నమూనాయే ప్రమాణము."

బొమ్మ లారీకి సరిగ్గా సరిపోయిందో లేదో చెప్పడానికి ఒక మనిషి కావాలి గదా. ఆ మనిషిని నేనే. యథాతథ ధ్రువీకర్త అని పేరు. కుర్చీ ఇచ్చారు, భూతద్దం ఇచ్చారు, మెళ్ళో వేసుకోను ఆ పేరు రాసిన పలక ఒకటి ఇచ్చారు. ఆ పలక తీసి పక్కన పెట్టబుద్ధి కాలేదు. పొలంలోకీ దాంతోనే పోయేవాణ్ణి.

"మందు కొట్టేటప్పుడన్నా తీసెయ్యయ్యా," అంది తిరపతమ్మ. "నిన్ను చూసి మిరపచెట్లేం లేచి నిలబడవు."

మొదటిరోజు ఆఫీసు ముందు డ్రైవర్లు బారులు తీరారు. లారీలు ఊరిబయట వదిలి, చెప్పుల డబ్బాల్లోనూ తువ్వాళ్ళలోనూ బొమ్మలు పట్టుకొచ్చారు. కిట్టులు దొరకనివాళ్ళు చేతికందిన వాటితో చేసుకొచ్చారు. ఒకాయన అరటిదూట చెక్కుకొచ్చాడు. చూడటానికి ముచ్చటగా ఉంది గానీ ఆయన వంతు వచ్చేలోపు వడలి ముడుచుకుపోయింది. "బాడీ సంకోచించినది, బరువు మోయుటకు అనర్హము," అని విశ్వోత్తమరావు గారు తీర్పు ఇచ్చారు. ఆ అరటిదూట ఆయన లారీ ఆరోజు నుంచి కదల్లేదు. ఇనుప లారీ అది, పాపం.

నేను భూతద్దం పెట్టి ఒక్కో బొమ్మా చూసేవాణ్ణి. "వెనక లైటు ఒకటే ఉంది." "నీ లారీకి తలుపు రంగు వేరే గదా." "ఈ స్టెప్నీ కారుది." ఇంతకంటే మాట్లాడేవాణ్ణి కాదు. నేను తల అడ్డంగా ఊపితే పెద్దపెద్ద మీసాలున్న డ్రైవర్లు కూడా చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. మర్యాదంటే ఇదే కాబోలు అనుకున్నాను. దాన్ని కడుపుమంట అంటారని తర్వాత తెలిసింది.

ఆఫీసు గేటు దగ్గర బాజీ అని ఏజెంటు ఉండేవాడు. పూర్వం లారీలకి మంచి టైర్లు అద్దెకిచ్చేవాడు. అరిగిన టైర్ల బండి ఎఫ్‌సీకి వస్తే వాటిని ఊడదీసి బాజీ టైర్లు బిగించేవాళ్ళు. ముద్ర పడగానే ఊడదీసి అతనివి అతనికిచ్చి, అరిగినవే బిగించుకుని పోయేవాళ్ళు. జిల్లాలో లారీలన్నిటికీ ఎఫ్‌సీ వచ్చింది ఆ టైర్ల మీదే. కొత్త ఉత్తర్వుతో అతని పని అయిపోయిందనుకున్నాను. వెళ్ళి చూస్తే ముందుకంటే సంతోషంగా ఉన్నాడు. జేబు నిండా గుండీలంత టైర్లు.

"నీ దయ బాబాయ్," అన్నాడు. "ఇంతకుముందు జాకీ కావాలి, కూలోళ్ళు కావాలి, బండి కింద పడి దొర్లాలి. ఇప్పుడు గోరు చాలు."

"ఇది మోసం గదా," అన్నాను.

"మోసం పెద్దదిగా ఉన్నప్పుడు ఎవరూ అన్లేదు బాబాయ్. చిన్నదయ్యాక అంటన్నావు."

తర్వాత బ్రేకుల పరీక్ష వచ్చింది. విశ్వోత్తమరావు గారు బల్ల మీదికి ఒక చెక్క తెప్పించి, ఒక అంచు కింద ఫైళ్ళు పెట్టి వాలు చేశారు. బొమ్మని పైన పెట్టి వదలాలి. జారితే బ్రేకుల్లేనట్టు. కిట్టుల్లో బ్రేకులుండవు. ఆ పూట జిల్లాలోని లారీలన్నీ ఒకదాని వెనక ఒకటి బల్ల మీంచి కింద పడ్డాయి.

"గమనించారా ధ్రువీకర్త గారూ," అన్నారాయన, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "ఇన్నాళ్ళూ ప్రజలు ఎంతటి ప్రమాదంలో జీవించారో."

మర్నాడు డ్రైవర్లంతా చక్రాలకి గమ్ము పూసుకొచ్చారు. ఒక్క బొమ్మా జారలేదు. ఒక్కరోజులో జిల్లా అంతటా బ్రేకులు బాగుపడ్డాయని విశ్వోత్తమరావు గారు పైకి నివేదిక పంపారు. అభినందనలు వచ్చాయి. కానీ ఆయన పట్టువదిలే మనిషి కాదు. ఆగే వాహనం కదలాలి కూడా గదా అన్న అనుమానం ఆయనకే వచ్చింది. పొద్దున ఆగు పరీక్ష, మధ్యాహ్నం సాగు పరీక్ష అని నిర్ణయించారు. ఇంక అన్నాల వేళకి ఆఫీసు ప్రహరీ నీడలో డ్రైవర్లంతా బాసింపట్లు వేసుకుని చక్రాలు మార్చుకునేవాళ్ళు. ఒకడి చక్రాలు ఇంకొకడి లారీకి, వాడివి వేరొకడి వ్యానుకి.

"ఆగేవి కావాలా, పోయేవి కావాలా?" అని అరుస్తూ బాజీ మధ్యలో తిరిగేవాడు.

ఇంతలో నాసరయ్య లారీకి ఎఫ్‌సీ గడువు దగ్గరపడింది. అప్పటికి మా ఊళ్ళో కాయ కోత అయిపోయి కల్లాల నిండా ఎర్రగా పరిచి ఉంది. ఎఫ్‌సీ లేని బండిని యార్డు దారిలో చెక్‌పోస్టు దాటనివ్వరు. ఒక్క వాన పడితే ఎర్రకాయ తెల్లబారి తాలుకాయ అవుతుంది. ఏడాది కష్టం కళ్ళముందే పోతుంది.

నాసరయ్య మా అరుగు మీద కూర్చుని మెల్లగా మొదలుపెట్టాడు. "బావా, బొమ్మ నువ్వు చేసిందే ఉందిగా. బాజీ దగ్గర మంచి టైర్లున్నయ్యి. చిటికెలో మార్చేద్దాం."

"లారీకి లేవుగా."

"బొమ్మకి పెడదామంటన్నా."

"బొమ్మ లారీ మాదిరి ఉండాలి."

"అందరూ మార్చుకుంటన్నారు బావా."

"వాళ్ళవి నేను చెయ్యలా."

నాసరయ్య వాళ్ళక్క వంక చూశాడు. ఆమె నా వంక చూసింది. నేను మెళ్ళో పలక వంక చూసుకున్నాను.

"సరే," అన్నాడు వాడు లేస్తూ. "ఉన్నది ఉన్నట్టే చూపించు. నా లారీకి బ్రేకు రెండు మూడు తొక్కులు తొక్కితే గానీ పట్టదు. అది కూడా చూపించు, పుణ్యముంటది."

వాడు ఎగతాళికన్నాడు. నాకు మాత్రం మంచి ఆలోచన అనిపించింది. చక్రాల ఇరుసులకి గమ్ము సగం సగం పెట్టి, ఎండబెట్టి, మళ్ళీ కొంచెం గీకి, రకరకాలుగా చూశాను. చివరికి కుదిరింది. వాలులో పెడితే బొమ్మ కొంచెం జారుతుంది, తటపటాయిస్తుంది, మళ్ళీ జారుతుంది, అప్పుడు ఆగుతుంది. అచ్చం నాసరయ్య లారీ. అంత బాగా కుదిరిన పని నేను ఎప్పుడూ చెయ్యలేదు. తిరపతమ్మని పిలిచి చూపించాను. ఆమె చూసి లోపలికెళ్ళి తలుపేసుకుంది.

తనిఖీ నాడు విశ్వోత్తమరావు గారు బొమ్మని అటూ ఇటూ తిప్పారు. "టైర్లు నిరుపయోగము. బ్రేకులు సందేహాస్పదము. లోపములు సవరించి వాహనమును తిరిగి సమర్పించవలెను." అంటూనే నా భుజం తట్టారు. "సొంత బావమరిది అని కూడా చూడలేదు. మీలాంటివాళ్ళు అరుదు."

అరుదే. ఇంటికెళితే నాకు అన్నంలోకి నీళ్ళ మజ్జిగ తప్ప మరేమీ రాలేదు. కల్లంలో జనం నన్ను చూసి మాట్లాడటం ఆపేసేవాళ్ళు. మాట్లాడనివాణ్ణి గదా, నాకు ఇబ్బంది ఉండకూడదు. కానీ అందరూ మాట్లాడకపోతే వేరేగా ఉంటుంది.

నాసరయ్యకి ఆ ఉత్తర్వు పాతకాలం పద్ధతిలో అర్థమయింది. లోపాలు సవరించమంటే లారీకి అనుకున్నాడు. ఒకరోజు తిరపతమ్మ మెడలో గొలుసు కనపళ్ళా. నాసరయ్య లారీకి కొత్త టైర్లు పడ్డాయి. బ్రేకులన్నీ ఊడదీయించి కొత్త లైనింగు వేయించాడు. కడిగించి, లారీతోనే నేరుగా ఆఫీసుకొచ్చి, గులాబీల అవతల రోడ్డు మీద ఆపి లోపలికొచ్చాడు.

"లోపాలన్నీ బాగుచేయించానండి. ఒక్కసారి బయటికొచ్చి చూడండి," అన్నాడు.

"బయటికా?" అన్నారు విశ్వోత్తమరావు గారు. ఆ మాట ఆయన చాలాకాలంగా విన్నట్టు లేదు. "ధ్రువీకర్త గారూ, మీరు చూసి చెప్పండి. ఆ వాహనం ఈ నమూనాలాగే ఉన్నదా?"

వెళ్ళి చూశాను. టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. కొత్త రబ్బరు వాసన. అవును అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఒక్క ముక్కే. మాట్లాడనివాడికి అంతకంటే సులువైన పని ఏముంటుంది.

"లేదండి," అన్నాను.

"భేదమేమిటి?"

"టైర్లు. బ్రేకులు."

"అనగా నమూనాయే ప్రమాణము గనక, దోషము లారీలో ఉన్నది."

నాసరయ్య కిటికీలోంచి లారీ వంక వేలు చూపించాడు. "కొత్త టైర్లండీ అయ్యి," అన్నాడు.

"అదే దోషము. సమర్పించిన నమూనాలో లేని టైర్లు వాహనమునకు బిగించినావు. అనుమతి లేని మార్పు. వాహనమును జప్తు చేయుచున్నాము."

అటెండరు వచ్చి బల్ల మీదున్న నా బొమ్మని రెండు చేతులతో ఎత్తి, బీరువాలో టీ గ్లాసుల పక్కన పెట్టి తాళం వేశాడు. తాళంచెవి విశ్వోత్తమరావు గారి సొరుగులోకి పోయింది.

"వాహనము కార్యాలయ అదుపులో ఉన్నది," అన్నారాయన. "ఇక్కడనుంచి కదలరాదు."

నాసరయ్య బీరువా వంక చూశాడు. తన చేతిలో లారీ తాళాల వంక చూశాడు. తర్వాత చాలా వినయంగా అడిగాడు. "మరి బయటుందే, అదండీ?"

"బయట ఉన్నదాని మీద ఈ కార్యాలయానికి అధికారము లేదు. ఉత్తర్వు చదవలేదా?"

"లేదండి," అన్నాడు నాసరయ్య. "ఇప్పుడర్థమయింది."

నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి లారీ ఎక్కించాడు. ఊరు చేరేదాకా ఎక్కడా బండి ఆపలేదు. పడమటన మబ్బు లేస్తోంది. కల్లాల్లో ఆడామగా అంతా చేరి కాయ ఎత్తి టిక్కీలు కుట్టారు. నేనూ మోశాను. నన్నెవరూ వద్దనలేదు, చెయ్యమనీ అనలేదు. లోడు పూర్తయి పైన టార్పాలిన్ పట్టా కట్టాక తిరపతమ్మ వచ్చింది.

"నువ్వూ ఎక్కు," అంది. "చెక్‌పోస్టు కాడ మావాణ్ణి ఆపితే నువ్వే సమాధానం చెప్పాలి. నీ పలకకి ఇన్నాళ్ళకి ఒక పని పడింది. కాయ తడిసిందో, ఇంటికి రాకు."

చెక్‌పోస్టు దగ్గర ఆపనే ఆపారు. అక్కడా కొత్త ఉత్తర్వే నడుస్తోంది. ముద్ర పడిన బొమ్మ చూపిస్తేనే గేటు ఎత్తుతారు. ఖాకీ చొక్కా ఆయన కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు.

"నమూనా?"

"ఆఫీసులో ఉందండి. జప్తు చేశారు," అన్నాడు నాసరయ్య.

ఆయన నంబరు చూసుకుని ఆఫీసుకి ఫోను చేశాడు. చాలాసేపు విన్నాడు. ఫోను పెట్టేసి లారీ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. మొహంలో రంగు మారింది.

"ఈ నంబరు లారీ వాళ్ళ బీరువాలో ఉందంట. తాళం వేసి ఉందంట. ఎదురుగా కూర్చుని చూస్తన్నాం అంటన్నారు." లారీని చేత్తో తట్టి చూశాడు. "మరి ఇదేంది?"

నాసరయ్య నా వంక చూశాడు. పైన ఉరిమింది. వెనకాల పట్టా కింద ఊరి కాయంతా ఉంది. ఆయన చూపు నా మెళ్ళో పలక మీద పడింది. "ఓ, తమరు ధ్రువీకర్తలా. చెప్పండి సార్. ఇది ఆ లారీయేనా?"

"కాదండి," అన్నాను. "ఆ లారీ టైర్లు అరిగిపోయి ఉంటాయి. బ్రేకు సగమే పడుతుంది. దీనికి ఆ లోపాలేం లేవు."

"మరి?"

జీవితంలో మొదటిసారి ఒక మాట కోసం వెతుక్కున్నాను. అబద్ధం చేతకాదు. నిజం చెపితే కాయ తడుస్తుంది. ఉత్తర్వు ప్రకారం లారీ బీరువాలో ఉంది. ఇది లారీ లాగే ఉంది. లారీ లాగే ఉండి, లారీ కానిది ఒకటే నాకు తెలుసు.

"నమూనా అండి," అన్నాను.

ఆయన కొంచెం వెనక్కి నడిచి, తలెత్తి పైదాకా చూశాడు. "ఇంత పెద్దదా?"

"చిన్నగా చేస్తే తేడాలొస్తన్నయ్యి."

ఆయన తల ఊపాడు. ఆ బాధ ఆయనకీ తెలిసినట్టుంది. రోజూ బొమ్మలు చూస్తున్న మనిషి గదా. ఎడం మడ్‌గార్డు దగ్గర వంగి సొట్ట తడిమి చూశాడు. "పనితనం బాగుంది," అన్నాడు. "స్కేలెంత?"

"ఒకటికి ఒకటి."

గేటు ఎత్తారు. నమూనాలను ఆపే అధికారం వాళ్ళకి లేదు.

చెక్‌పోస్టు దాటాక రోడ్డు దిగుడు. మలుపులో గొర్రెల మంద అడ్డం వచ్చింది. నాసరయ్య బ్రేకు మీద కాలు పెట్టాడు. ఒక్క తొక్కు. లారీ అక్కడికక్కడే ఆగింది. నెమ్మదిగా ఆగడానికి అలవాటుపడ్డ నా తల ముందు అద్దానికి తగిలింది. గొర్రెల కాపరి మమ్మల్ని చూడను కూడా చూడకుండా మందని తోలుకుపోయాడు. నాసరయ్య స్టీరింగు మీద చేతులేసి మంద దాటేదాకా చూశాడు. పాత బ్రేకులతో ఆ మలుపులోకి వస్తే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు.

"బొమ్మ బాగా కుదిరింది బావా," అన్నాడు చివరికి. వారాల తర్వాత నాతో వాడన్న మొదటి మాట.

ఏదో ఒకటి అనాలనిపించింది. లారీని లోపలనుంచి అంత దగ్గరగా చూసి చాలాకాలమయింది.

"అంతా బానే ఉంది గానీ, నీ వైపు అద్దం కొంచెం వంకరగా ఉంది," అన్నాను. "బీరువాలో దానికి తిన్నగా ఉంటది."

నాసరయ్య లారీ పక్కకి తీసి ఆపాడు. దిగి, ఇటు చుట్టూ తిరిగి వచ్చి, నా వైపు తలుపు తీసి పట్టుకున్నాడు. పైన టిక్కీల మీద కూర్చోమన్నాడు.

చినుకులు మొదలయ్యేసరికి లారీ యార్డు రేకుల కింద ఉంది. కాయ తడవలేదు. టిక్కీల మీద మిరప ఘాటుకి నేను ఇంకా తుమ్ముతూనే ఉన్నాను.